రెండేళ్ళ నాటి స్టాంపు పేపరు, రెండు లక్షల బయానా

నిన్న మధ్యాహ్నం మూడింటికి మా నూట యాభై గజాల స్థలం నా పేరు మీద రిజిస్ట్రేషన్ అయింది. రెండు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. పడ్డ అవమానం ఇంకా మంటగానే ఉంది, అది చల్లారకముందే రాసేస్తున్నాను.

స్థలం చూడడం, బేరం, ఈసీ (స్థలం మీద తాకట్టు, లావాదేవీలు ఏమున్నాయో చూపించే సర్టిఫికెట్) తీయించడం వారంలో అయిపోయాయి. గజం 9,000 చొప్పున మొత్తం 13,50,000. బయానా రెండు లక్షలు ఇచ్చాం. అందులో లక్షన్నర బ్యాంకు ద్వారా, యాభై వేలు రొక్కం. మిగతాది మూడు నెలల్లో కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అగ్రిమెంటు రాసుకున్నది ఆదివారం, స్టాంపు వెండర్ దుకాణం మూసి ఉంది. రెండేళ్ళ కిందట షాపు అద్దెకు తీసుకుందామని నా పేరు మీద కొన్న వంద రూపాయల స్టాంపు పేపరు బీరువాలో ఉండిపోయింది. అదే తెచ్చిచ్చాను. దాని మీద రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించాం.

గడువు ఇంకా నెల ఉందనగా అదే వీధిలో పక్క స్థలం గజం 11,000కి పోయింది. ఆ రోజు నుంచి మాకు అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంటికి వెళ్తే ఊళ్ళో లేడన్నారు. చివరికి పెద్దమనుషుల్లో పెడదామని బ్రోకరే కబురు చేశాడు. నన్నడిగితే అక్కడికి వెళ్ళడమే మేం చేసిన తప్పు.

ఆయన ఇంటి వరండాలో పదిమంది కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన మా అగ్రిమెంటు చేతిలోకి తీసుకుని, రాసింది ఒక్క వాక్యం కూడా చదవకుండానే వెనక్కి తిప్పాడు. వెండర్ ముద్ర కింద ఉన్న తేదీని గోటితో గీసి అందరికీ చూపించాడు. "కొని రెండేళ్ళయింది. ఆరు నెలలు దాటిన స్టాంపు పేపరు చెల్లదు. పైగా రిజిస్టర్ కూడా కాలేదు. దీన్ని పట్టుకుని మీరేం అడుగుతారు?" అన్నాడు. "నేను ఆ రోజే చెప్పానండీ" అని బ్రోకర్ అందుకున్నాడు. చెప్పలేదు. రాసేటప్పుడు పక్కనే కూర్చుని, మా ఇంట్లో టీ తాగి, కమిషన్ అడ్వాన్సు తీసుకుని వెళ్ళిన మనిషి. ఇంతలో స్థలం ఆయన, "నాకు ముట్టింది లక్షన్నరే. అది ఇచ్చేస్తాను, తీసుకుపొండి" అన్నాడు.

మా ఆయన తల దించుకున్నారు. నేను నోరు తెరవబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, "కాగితాల సంగతి మీకేం తెలుస్తుందమ్మా, లోపలికెళ్ళి మజ్జిగ తాగండి, మేం మాట్లాడుకుంటాం" అన్నాడు. ఎవరూ తప్పని అనలేదు. ఆ కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని, కవర్లో పెట్టుకుని బయటికొచ్చేశాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంది. అక్కడే వదిలేసి వస్తే ఈపాటికి అది ఎవరి పొయ్యిలో ఉండేదో!

మర్నాడు ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు అగ్రిమెంటు మొత్తం చదివారు. "రెండు లక్షల రూపాయలు సాక్షుల సమక్షంలో ముట్టినవి" అన్న లైను దగ్గర ఆగి, పెన్సిల్‌తో గీత గీసి, "ఇది మీ ప్రాణం" అన్నారు. యాభై వేల రొక్కం మాట అక్కడ తేలిపోయింది.

స్టాంపు సంగతి అడిగాను. ఆ ఆరు నెలల లెక్క వాడని స్టాంపు వెనక్కిచ్చి డబ్బు తీసుకోవడానికే గానీ, దాని మీద రాసిన ఒప్పందానికి కాదట. పాత స్టాంపు పేపరు మీద రాసినంత మాత్రాన పత్రం చెల్లకపోదని 2008లో సుప్రీంకోర్టే చెప్పిందట. స్టాంపు విలువ తక్కువ పడితే కోర్టులో తేడా సుంకం కట్టాలి, పెనాల్టీ పది రెట్ల దాకా పడొచ్చు, అంతే. ఒప్పందం నిలబడాలంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం పదో సెక్షన్ అడిగేవి వేరు. ఇద్దరూ మైనార్టీ తీరి, మతి స్థిమితం ఉన్నవాళ్ళై ఉండాలి. బెదిరింపు, మోసం లేకుండా ఇష్టపడి ఒప్పుకోవాలి. ఇచ్చిపుచ్చుకునేది ఏదో ఒకటి ఉండాలి. ఆ పని చట్టానికి విరుద్ధం కాకూడదు. ఇవన్నీ మాకున్నాయి. రిజిస్టర్ కాని అగ్రిమెంటుతో స్థలం నాది అయిపోదు, నిజమే. కానీ ఆయన చేత రాయించుకునే హక్కు కోసం దావా వేసినప్పుడు ఆ కాగితం సాక్ష్యానికి పనికొస్తుంది. దావాకి గడువు తేదీ నుంచి మూడేళ్ళ టైముంది.

ఇన్నాళ్ళూ మన ఊళ్ళలో స్టాంపు పేపరు తేదీ చూపించి ఎంతమంది నోళ్ళు మూయించారో తలుచుకుంటే కడుపు మండిపోతోంది.

చివరికి ఆవిడ అడిగింది ఒక్కటే: "మిగతా డబ్బు సిద్ధంగా ఉందా? ఉన్నట్టు చూపించగలరా?" నేను పాస్‌బుక్ తీసి ముందు పెట్టాను. ఆడపడుచు పెళ్ళికి సర్దమని ఎంత అడిగినా ఆ 11,50,000లో ఒక్క రూపాయి కదపలేదు నేను. అప్పుడు ఇంట్లో అందరూ నన్ను గట్టిదాన్నన్నారు. కొనేవాళ్ళు డబ్బుతో సిద్ధంగా ఉన్నారని రుజువు కాకపోతే కోర్టులో కేసు నిలవదని లాయరమ్మ చెప్పాక మా ఆయన నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను.

గడువుకి పది రోజుల ముందే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వెళ్ళింది. ఫలానా తేదీన డబ్బుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర ఉంటాం, వచ్చి రాసివ్వండి అని. ఆ రోజు సాయంత్రం దాకా డీడీతో అక్కడే కూర్చున్నాం. ఆయన రాలేదు. రెండో నోటీసులో దావా వేస్తున్నామని రాశాక, ఆయన లాయరే ఫోన్ చేసి రాజీకి వచ్చాడు. పాత ధరకే.

మీరు బయానా ఇచ్చేటప్పుడు రొక్కం ఎంతో అక్షరాల్లో రాయించండి, గడువు తేదీ రాయించండి, ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి. బ్రోకర్‌కి పని పూర్తి కాకుండా కమిషన్ ఇవ్వకండి. పంచాయితీకి పిలిస్తే ముందు లాయర్‌కి చూపించి వెళ్ళండి.

నిన్న ఆయన వేలిముద్ర వేసి, నా వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. నేనూ పలకరించలేదు. హద్దురాళ్ళు నాలుగూ సాయంత్రమే ఆటోలో దింపించాం, రేపు పొద్దున కొలతలు వేసి పాతిస్తున్నాం.