మొత్తం ఎంతో తెలియక్కర్లేదు

డేటా సఫిషియెన్సీలో, అంటే ఇచ్చిన స్టేట్‌మెంట్లు జవాబు తేల్చడానికి చాలతాయా లేదా అని మాత్రమే అడిగే ప్రశ్నల్లో, నాకు బాగా ఇష్టమైనవి రెండు వడ్డీ రేట్ల లెక్కలు. సగం పని పెన్ను ముట్టకుండానే అయిపోతుంది. కొంత సొమ్ము 6 శాతానికి, మిగతాది 9 శాతానికి ఏడాది పాటు సాధారణ వడ్డీకి పెట్టారనుకోండి. 9 శాతంలో పెట్టింది సగం కంటే ఎక్కువా? ఇదీ ప్రశ్న.

మొదటి స్టేట్‌మెంట్: మొత్తం మీద సగటు వడ్డీ 7.7 శాతం. రెండు రేట్లకూ సరిగ్గా మధ్యది 7.5. సగటు దాన్ని దాటి 9 వైపు జరిగిందంటే సొమ్ము అటే ఎక్కువ ఉన్నట్టు. చాలు. 6 శాతం సొమ్ముకీ 9 శాతం సొమ్ముకీ నిష్పత్తి కావాలంటే, సగటు నుంచి ఆ రేట్ల దూరాలను (1.7, 1.3) తిరగేస్తే 1.3కి 1.7 వస్తుంది. కానీ అడగలేదుగా, ఎందుకు కష్టపడటం?

రెండోదే గడుసుది: 9 శాతం మీద వచ్చిన వడ్డీ, 6 శాతం మీద వచ్చినదాని కంటే ఎక్కువ. వినగానే 'అయితే అసలు కూడా అక్కడే ఎక్కువ' అనిపిస్తుంది. అదేం కాదు. 6 శాతంలో 100, 9 శాతంలో 80 పెట్టి చూడండి. వడ్డీలు 6, 7.2. పెట్టింది తక్కువే, వడ్డీ మాత్రం ఎక్కువ! 80 బదులు 200 పెడితే జవాబు తిరగబడుతుంది. కాబట్టి ఇది ఒక్కటే చాలదు.

ఇక 'మొత్తం వడ్డీ ఇంత' అని ఒక్క అంకె ఇచ్చి ఊరుకుంటే, అసలు సొమ్ము ఎంతో తెలియనంతవరకు దానితో పనేమీ జరగదు.