కటకం అల్లుడుగారి బొటనవేలు

"ఇదేదో రఘురాజపురం సరుకులా ఉందండీ" అన్నారాయన మా తాటాకుల కట్ట గురించి, పప్పుచారు కలుపుకుంటూ. పదకొండు దాటినా ఆ మాట వదలట్లేదు. నిద్ర ఎటూ రాదు కాబట్టి రాస్తున్నా.

ఆయన వదిన పిన్నిగారి అల్లుడు. ఉండేది కటకంలో. పాత నాణేలు, ఇత్తడి సామాన్లు పోగేస్తారట. మా తాటాకుల కట్ట గురించి వదినే ఉత్సాహపడి చెప్పింది. పెదనాన్న సంగతి మీకు తెలిసిందే, అడిగేవాడు ఉండాలే గానీ కాళ్ళూ చేతులూ కడుక్కుని మరీ కట్ట దించుతాడు. "నాలుగొందల ఏళ్ళ నాటిది, మా మూలపురుషుడి స్వహస్తం" అని మొదలుపెడతాడు. ఆ మాట ఇంట్లో ఎవరం నమ్మం. ఎవరం కాదనం కూడా.

ఈయనగారు ఏం చేశాడో తెలుసా? ఆకు తిప్పడానికి బొటనవేలు నాలిక మీద అద్దుకున్నాడు! బ్యాంకులో నోట్లు లెక్కపెడుతున్నట్టు. అదీ ఒకసారి కాదు, ఆకు ఆకుకీ. నేను గుడ్డ అందించాను. పక్కన పెట్టేశాడు. వదిన నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత భోజనాల దగ్గర తీర్పు. అక్షరాలు మరీ నల్లగా ఉన్నాయట, పాతవైతే వెలిసిపోవాలట. పూరీ వైపు కొత్త ఆకులకి పొగపెట్టి అమ్ముతారని కూడా అన్నాడు. పెదనాన్న పెరుగన్నం తినకుండానే లేచాడు.

పాపం పూరీ దగ్గరి ఆ రఘురాజపురం వాళ్ళేం చేశారు? తాటాకు మీద బొమ్మలు చెక్కి, కొత్తవేనని చెప్పే అమ్ముతారు. పాతదని అబద్ధమాడేవాడు ఎవడైనా ఉంటే వాడు మధ్యలో దళారీ.

నలుపు సంగతికొస్తే, మా వైపు తాటాకు మీద సిరాతో రాయరు. గంటంతో గీస్తారు. గీసినప్పుడు అక్షరం సరిగ్గా కనపడదు. పైన మసి పూసి తుడిస్తే గీతల్లో నిలిచి అప్పుడు తేలుతుంది. వెలిస్తే మళ్ళీ పూస్తారు. కాబట్టి నలుపు నిన్నటిదైనా గీత ఏనాటిదో చెప్పలేం.

మా ఇంట్లో ఆ పూసే పని మామ్మది. దసరాల్లో మూలా నక్షత్రం రోజు సరస్వతీ పూజకి కట్ట దించేది. ముందు రోజే ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టేది. గుంటగలగరాకు నూరడం మా పిల్లల వంతు. పసరులో మసి కలిపి ఆకంతా రాసి, తాతయ్య పాత పంచె ముక్కతో తుడవాలి. ఆకు పొడుగునా ఒకే వైపుకి తుడవాలి. అడ్డంగా తుడిచామా, ఈనె చీలుతుందని వీపు మీద ఒకటి పడేది. ఒక ఏడు తమ్ముడు ఆ మసితో మీసాలు దిద్దుకున్నాడు. ఎంత తోమినా పోలేదు. బడి తెరిచాక ఒరియా మాస్టారు వాణ్ణి "మూఛవాలా" అని పిలవడం మొదలుపెడితే, పెళ్ళయ్యేదాకా వీధిలో అదే పేరు. మామ్మకి చదువు రాదు. అయినా కట్ట తారుమారైతే ఆకుల్లో తాడు దూర్చే చిల్లులు ఎంత అరిగాయో చూసి మళ్ళీ వరసలో పెట్టేది. కొన్ని ఆకుల చిల్లులు అసలు అరగలేదు. "ఇవి తరవాత రాసి చేర్చినవిరా" అనేది. చదువుకున్న అల్లుడుగారు చిల్లులు చూడనే లేదు.

అందరూ పడుకున్నాక కట్ట నేనే విప్పాను. భాగవతం ఎనిమిదో స్కంధం. ఆఖరి ఆకులో రౌద్రి నామ సంవత్సరం, తిథి, వారం ఉన్నాయి. శకం వేయలేదు. రౌద్రి అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1980లో మేం పసరు నూరుతున్నాం, కాబట్టి అది కాదు. 1920కి అచ్చు పుస్తకాలు వచ్చేశాయి, అంత కష్టపడి గీసుకునే అవసరం లేదు. ఇక 1860, 1800. పెదనాన్న పట్టుబడితే 1620 కూడా రౌద్రే! కానీ ఎత్వానికీ ఏత్వానికీ తేడా చూపించి రాశాడు, బాగా పాత రాతల్లో అది ఉండదు. నా ఓటు 1860కి. తిథీ వారమూ, పాత తేదీలు తేల్చే స్వామికన్ను పిళ్ళై పంచాంగ పట్టికల్లో కలుస్తాయేమో చూడాలి. కలిసినా సంబరపడక్కర్లేదు, ఏడింట ఒకసారి ఊరికే కలుస్తుంది. కార్బన్ డేటింగ్ చేయిద్దాం అంటాడు బుజ్జిగాడు. అది ఆకు చెట్టు నుంచి తెగిన కాలం చెబుతుంది, గంటం పట్టిన కాలం కాదు. పైగా 1650 తర్వాతి వాటికి ఆ లెక్క సరిగ్గా తేలదు.

దాని కిందే "యాదృశం పుస్తకం దృష్ట్వా" శ్లోకం. చూసింది చూసినట్టు రాశాను, తప్పుంటే నాది కాదని. అంటే మా మూలపురుషుడు ఎవరి పుస్తకమో చూసి ఎత్తిరాసుకున్నాడు. స్వహస్తమే, సందేహం లేదు.

ఇంతవరకూ పొద్దున్నే కటకానికి ఫోన్ చేసి కడిగేద్దామనే ఉంది. అంతలో కట్ట చివర ఉన్న ఒరియా ఆకు చేతికొచ్చింది. మాది 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం కదా, రెండు భాషలూ ఒకే తాడుకి ఎక్కాయి. పెదనాన్నకి అన్నిటికంటే గర్వం ఈ ఆకే. "రాజుగారిచ్చిన ఇనాం, ఆరో అంక" అంటాడు. అంక అంటే రాజు గద్దెనెక్కినప్పటి నుంచి ఏళ్ళ లెక్క. ఒరియా రాజుల అంక లెక్కలో ఒకటి ఉండదు. ఆరుతో అయ్యేవి ఉండవు, పది తప్ప సున్నాతో అయ్యేవీ ఉండవు. అయిదో అంక తర్వాత ఏడే. ఆరో అంక అని నిజంగా రాసి ఉంటే ఆ ఆకే దొంగది. ఆ ఆకు చూసే అల్లుడుగారు "బాగుంది, బాగుంది" అని తల ఊపారు!

కానీ సరిగ్గా ఆ అంకె మీదే పురుగు తూటు ఉంది. తొమ్మిది కూడా కావచ్చు. 1866 కరువుని ఒరియా వాళ్ళు "న అంక దుర్భిక్ష" అనే అంటారు, పూరీ రాజు దివ్యసింహదేవుడి తొమ్మిదో అంక కాబట్టి. ఆకులో నాకు తెలిసింది ధాన్యం అన్న మాట ఒక్కటే. ఆ కరువులో ఎవరిదగ్గరో తెచ్చుకున్న అప్పు చీటీ అయితే? పెదనాన్న ఇనాం ఏమవుతుంది?

కరణి రాత, అంటే ఒరియా కరణాల గొలుసుకట్టు రాత, చదవగలిగిన వాడు మా చుట్టాల్లో కటకం అల్లుడుగారొక్కడే. ఫోన్ చేస్తాను. కడిగే పని మాత్రం వాయిదా. ముందు ఆ ఆకు ఫోటో పంపి, ఆరా తొమ్మిదా అని అడుగుతాను. పెదనాన్నకి చెప్పడం సంగతి దసరా అయ్యాక చూద్దాం.

ఆయన వేలిముద్ర పడ్డ ఆకుల్ని నీడన ఆరబెట్టాను. ఆకులకి పూయడానికి కల్తీ లేని నిమ్మగడ్డి నూనె బరంపురంలో ఏ షాపులో దొరుకుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి. కిందటిసారి తెచ్చింది సబ్బు వాసన వేసింది.