హెర్మిటేజ్‌లో దుంగల ఇల్లు

నాష్‌విల్ దగ్గర అమెరికా మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ పొలం, హెర్మిటేజ్ చూసొచ్చాం. అందరూ బంగ్లాలో వాల్‌పేపర్ చూస్తుంటే నాకు వెనకాల ఉన్న దుంగల ఇంటి దగ్గర కాలు కదల్లేదు. 1804 నుంచి 1821 దాకా జాక్సన్ కుటుంబం ఉన్నది అందులోనే. అప్పుడది రెండంతస్తులు. ఇటుకల బంగ్లా లేచాక కింది అంతస్తు తీసేసి, పై భాగాన్ని నేలమీదికి దింపి బానిసల నివాసం చేశారు.

వంటిల్లు, మాంసానికి పొగబెట్టే గది ఇంటికి విడిగా ఉంటాయి. డబ్బు తెచ్చింది మాత్రం పత్తి. పత్తి ఏరితే వేళ్లు ఎలా గీరుకుపోతాయో మా అమ్మ చేతులు చూసి నాకు తెలుసు. ఇక్కడ ఏరినవాళ్లకు కూలీ కూడా లేదు. చాలా కోపం వచ్చింది.

ఇక్కడే బానిసగా పుట్టిన ఆల్‌ఫ్రెడ్, విముక్తి తర్వాతా ఇక్కడే ఉండి, వచ్చినవాళ్లకు ఇల్లు చూపించేవాడు. 1901లో చనిపోయాడు. సమాధి జాక్సన్ సమాధి పక్కనే. వెళ్తే ఆల్‌ఫ్రెడ్ క్యాబిన్ తప్పకుండా చూడండి.