రెండు క్లిక్కులు, ఒక తుమ్మ బంక సీసా

"ఇలా అటు తిరిగి కూర్చుంటే అది ఫోటో ఎలా అవుతుందే? ముఖం కనపడద్దూ?" అంది అమ్మ.

జూన్ నెల, ఆదివారం పొద్దున ఆరున్నర. అమ్మ తెనాలి నుంచి అమెరికాలో మా ఇంటికి వచ్చి రెండు వారాలే అయింది, జెట్ లాగ్ ఇంకా తీరలేదు. కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని జడ విప్పుకుంటోంది. వెలుతురు ఎడమ భుజం మీద పడి, జుట్టులోంచి జారి, మోచేతి దగ్గర ఆగిపోయింది. నాకు కావలసింది అదే. ఫిగర్ స్టడీ అంటే ఫలానా ఆవిడ అని గుర్తుపట్టడానికి తీసే ఫోటో కాదు. మనిషి కూర్చున్న తీరు, వంపు, వెలుగూ నీడా, అంతే. అమ్మకి ఇలా చెబితే "సరేలే, తొందరగా కానియ్, కాఫీ పెట్టాలి" అంది.

నాకీ పిచ్చి పట్టించింది అమెరికన్ ఫోటోగ్రాఫర్ క్లారెన్స్ వైట్. నేనుండే కొలంబస్ నుంచి కారులో గంటలోపే న్యూవార్క్ అనే ఊరుంది. ఎయిర్‌పోర్టున్న న్యూజెర్సీ న్యూవార్క్ కాదు, ఇది మా ఒహాయోది. 1890లలో వైట్ అక్కడ ఒక హోల్‌సేల్ కిరాణా కంపెనీలో పద్దులు రాసేవాడు. వారానికి ఫోటో తీసే గాజు ప్లేట్లు రెండింటికి మించి కొనే స్తోమత లేదు. అందుకని ఏం తీయాలో వారమంతా మనసులో అనుకుని, పనికి వెళ్లేలోపు పొద్దుటి వెలుతురులో భార్య జేన్‌నో, ఆవిడ తోబుట్టువులనో కూర్చోబెట్టి తీసేవాడు. 1899 నాటి 'రింగ్ టాస్' అనే ఫోటో చూడండి. ఆడపిల్లలు రింగులు విసిరే ఆట ఆడుతుంటారు, అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ నేల మీది ఖాళీ జాగా నుంచి చూపు తిప్పుకోలేం. 1902లో ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అనే ఫోటోగ్రాఫర్ ఫొటో-సెసెషన్ పేరుతో ఫోటోగ్రాఫర్ల బృందం పెట్టినప్పుడు వైట్ అందులో మొదటి నుంచీ ఉన్నాడు. 1906లో న్యూయార్క్ వెళ్లి, 1914లో సొంతంగా ఫోటోగ్రఫీ బడి పెట్టాడు. గాంధీగారిని రాట్నం పక్కన తీసిన మార్గరెట్ బర్క్-వైట్ కూడా ఆయన దగ్గర నేర్చుకున్న మనిషే.

నేనూ లెక్కలు రాసి బతికేదాన్నే. అందుకేనేమో ఆయన మీద అంత అభిమానం. ఆదివారానికి రెండే క్లిక్కులు అని నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. డిజిటల్ కెమెరాతో ఇదేం చాదస్తం అని మా ఆయన నవ్వాడు. ట్రైపాడ్ మీద పెట్టి షట్టర్ రెండు సెకన్లు తెరిచాను. అమ్మ ఊపిరి తీసుకున్నంత మేర భుజం అంచు కాస్త చెదిరింది. ఆ చెదరడమే బాగుంది.

వైట్ ఎక్కువగా ప్లాటినం ప్రింట్లు వేసేవాడు. ప్లాటినం ధర చూసి నేను గమ్ బైక్రోమేట్ అనే బంకతో ప్రింటు వేసే పద్ధతికి దిగాను. బంకలో వాటర్‌కలర్ కలిపి, అందులో డైక్రోమేట్ అనే రసాయనం ద్రావణం పోసి కాగితానికి పూసి ఆరబెట్టాలి. నెగెటివ్‌ని దాని మీద ఆనించి అతినీలలోహిత కాంతిలో పెడితే, వెలుగు తగిలినచోట బంక గట్టిపడుతుంది, తగలనిచోట నీళ్లలో కరిగిపోతుంది. డైక్రోమేట్ విషం, క్యాన్సర్ కారకం. కాబట్టి గ్లవ్స్ లేనిదే ముట్టుకోను, వంటింటి గిన్నె ఏదీ బేస్‌మెంట్‌లోకి రానివ్వను. బంక సీసా మాత్రం అమ్మ మూత తీసి చూసి, "ఇది మన తుమ్మ బంకలా ఉందే! దీనికి డాలర్లు పోశావా?" అంది. నిజమే, గమ్ అరబిక్ అన్నా తుమ్మ జాతి చెట్ల బంకే.

మొదటి ప్రింటు మురికి గుడ్డలా వచ్చింది. తెల్లగా ఉండాల్సిన గోడంతా గోధుమరంగు. కాగితానికి జెలటిన్ పూత పెట్టకుండా తొందరపడ్డాను, రంగు నేరుగా పీచులోకి ఇంకిపోయింది. "గంజి పెట్టని చీర మీద మరక ఊరికే పోతుందా" అని అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.

జూలైలో ఇంకో దెబ్బ. రాత్రి కాగితాలు పూసి చీకట్లో ఆరబెట్టి, పొద్దున్నే వెలుగు చూపించి, బొమ్మ కిందివైపుకి ఉండేలా నీళ్లలో వదిలాను. అరగంటయింది, గంటయింది, చుక్క రంగు దిగలేదు. కాగితమంతా ఒకటే నలుపు. నెగెటివ్ చెడిందనుకున్నాను, అతినీలలోహిత దీపం చెడిందనుకున్నాను, టెన్షన్‌తో రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. తీరా చూస్తే తప్పు తేమది. పూత ఆరాక వేడికీ తేమకీ వెలుగు లేకపోయినా మెల్లగా గట్టిపడిపోతుంది, మా బేస్‌మెంట్ వానాకాలంలా ఉంది. గాల్లో తేమ లాగేసే డీహ్యుమిడిఫయర్ పెట్టి, పూసిన గంటలోపే ప్రింటు వేయడం మొదలుపెట్టాక దారికొచ్చింది.

ఒక్క పూతతో నీడల్లో లోతు రాదు. ముందు పసుపు మట్టి రంగు, ఆరాక బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు, ఆపైన దీపపు మసి నలుపు. ప్రతిసారీ నెగెటివ్ సరిగ్గా అదే చోట కూర్చోవాలి. మూలల్లో గుండుసూదులు గుచ్చి సరిపెట్టాను. ఒకసారి వెంట్రుకవాసి జరిగితే అమ్మకి రెండు మోచేతులొచ్చాయి.

అయిదో ప్రింటు దగ్గర నాకు ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ రాబర్ట్ దమాషీ పూనాడు. పారిస్ దగ్గర బ్యాంకర్ల ఇంట పుట్టిన దమాషీ ఈ గమ్ పద్ధతికి మళ్లీ ప్రాణం పోసినవాళ్లలో ఒకడు. చెయ్యి పెట్టకుండా వేసిన ప్రింటు అందంగా ఉండొచ్చు గానీ కళ అనిపించుకోదని వాదించాడు. ఆయన 1904 నాటి 'స్ట్రగుల్' అనే ప్రింటులో కుంచె గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నేనూ తడి ప్రింటు మీద మెత్తటి కుంచెతో అమ్మ భుజం దగ్గర వెలుగు పెంచబోయాను. రెండు రుద్దులకి బాగుంది, మూడోదానికి పూత ఊడి తెల్ల కాగితం బయటపడింది.

"నా భుజం ఏమైందే?"

ఆ తర్వాత కుంచె ముట్టుకోలేదు. ఈ విషయంలో నేను వైట్ పక్షమే. ఎంచుకోవడమేదో కిటికీ దగ్గరే ఎంచుకోవాలి.

మొత్తం పదకొండు ప్రింట్లు వేస్తే రెండు నిలిచాయి. సెప్టెంబర్లో అమ్మ సూట్‌కేసు సర్దుకుంటుంటే వాటిలో మంచిదాన్ని అట్టల మధ్య పెట్టి ఇచ్చాను. చాలాసేపు చూసింది. జడ పాయలు విడిపోతున్న చోట వేలు ఆనించబోయి, ఆపుకుంది.

"బాగానే ఉంది. కానీ వచ్చినవాళ్లు ఇదెవరని అడిగితే ఏం చెప్పను? ఫోన్లో ఒకటి తియ్, ముఖం కనపడేట్టు."

తీశాను. తెనాలిలో టీవీ పక్కన ఫ్రేము కట్టించి పెట్టింది ఆ ఫోటోనే.