పిల్ల ఊసరవెల్లి వచ్చేలోపు బోను ఎలా సిద్ధం చేయాలి

అమెరికాలో పెట్ స్టోర్లలోనూ రెప్టైల్ ఎక్స్‌పోల్లోనూ ఎక్కువగా దొరికేది వీల్డ్ కెమెలియన్ అనే రకం ఊసరవెల్లి. యెమెన్‌, సౌదీ నైరుతి కొండలు దాని సొంతూరు. రెండు మూడు నెలల పిల్లను అమ్ముతారు. ఆ వయసులో ఒళ్ళు ఎంత చిన్నదంటే, వేడెక్కినా నీరు తగ్గినా చాలా త్వరగా ప్రాణం మీదికొస్తుంది. పెద్దది తట్టుకునే పొరపాటును పిల్ల తట్టుకోలేదు. అందుకే బోను ముందు, పిల్ల తర్వాత. రెండూ ఒకే రోజు కొనకండి.

ఇండియాలో ఉన్నవాళ్ళకు ముందుగా ఒక మాట. మన చేల గట్ల మీద, తుమ్మచెట్ల మీద కనిపించే ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దాన్ని పట్టి ఇంట్లో పెంచడం నేరం. వీల్డ్ లాంటి విదేశీ ఊసరవెల్లులు సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి కాబట్టి, వాటికి కాగితాలతో పాటు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా కావాలి. ఇక కింద చెప్పేదంతా చట్టబద్ధంగా కొన్న, ఫారంలో పుట్టిన వీల్డ్ పిల్ల గురించే.

పిల్లకు 18 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 36 ఎత్తున్న అల్యూమినియం జాలీ బోను సరిపోతుంది. ఏడాది తిరిగేసరికి 24, 24, 48 కొలతల బోను ఎలాగూ కావాలి. మొదటే పెద్దది కొన్నా తప్పులేదు, కాకపోతే పురుగులు మూలల్లో దాక్కుంటాయి కాబట్టి తిండి మీద కన్నేసి ఉంచాలి. ఎత్తు విషయంలో మాత్రం బేరం లేదు. ఇది నేల మీద తిరిగే జంతువు కాదు, కిందా పైనా మారుతూ తనకు నచ్చిన వేడిని ఎంచుకుంటుంది. పొట్టి బోనులో ఆ ఎంపికే ఉండదు. తలుపు అంచుల్లో సందులు చూడండి: పిల్ల దూరగల సందు ఒక్కటీ ఉండకూడదు.

చలికాలంలో ఇంట్లో హీటర్ నడుస్తుంటే గాలి బాగా పొడిబారుతుంది. నాలుగు వైపులా జాలీ ఉంటే మీరు చల్లిన తేమ నిమిషాల్లో పోతుంది. వెనక, రెండు పక్కల పారదర్శక ప్లాస్టిక్ షీటు బిగించి, ముందు వైపు, పైభాగం జాలీగా వదిలేయండి. పైభాగం మాత్రం ఎప్పుడూ మూయకూడదు.

ఎక్కడ పెట్టాలి? ఏసీ, హీటర్ గాలి నేరుగా తగలని మూల చూడండి. కిటికీ పక్కన పెట్టవద్దు: అద్దంలోంచి వేడి వస్తుంది, అవసరమైన యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) రాదు. పిల్ల కూర్చునే పై కొమ్మ మీ కళ్ళ కంటే ఎత్తులో ఉండాలి, తల మీద నుంచి వచ్చేదాన్నల్లా అది వేటగాడిగానే చూస్తుంది. మన ఇళ్ళలో ఇంకో సంగతి కూడా ఉంది. పోపు ఘాటు, సాంబ్రాణి పొగ, అగరుబత్తులు, ప్లగ్‌లో పెట్టే దోమల మందు ఉన్న గది పనికిరాదు. దోమల మందులో ఉండేది పురుగులను చంపే రసాయనం. మీరు మేతగా పెంచే పురుగులు ముందు చస్తాయి, వాటిని తిన్న పిల్లకూ మంచిది కాదు.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది దీపాల దగ్గర. రెండు దీపాలు కావాలి, రెండింటి పని వేరు. మొదటిది యూవీబీ ట్యూబు. టీ5 హై అవుట్‌పుట్ రకం, 6 శాతం లేదా 5.0 అని రాసి ఉన్నది తీసుకోండి. పొడవు బోను వెడల్పుకు సరిపోవాలి. చుట్ట తిరిగిన చిన్న బల్బులు కొనవద్దు, వాటి కిరణాలు సన్నటి చోటుకే పరిమితం. ట్యూబును జాలీ మీద పెట్టి, కొమ్మ మీద కూర్చున్న పిల్ల వీపుకీ ట్యూబుకీ మధ్య 8 నుంచి 9 అంగుళాలు ఉంచండి. కొమ్మ దాకా కాదు, వీపు దాకా కొలవాలి. జాలీ యూవీబీలో మూడో వంతు వరకూ ఆపేస్తుంది, ఈ దూరం దాన్ని లెక్కలోకి తీసుకున్నదే. యూవీ సూచికను కొలిచే సోలార్‌మీటర్ 6.5 అనే పరికరం దొరికితే వీపు దగ్గర యూవీ సూచిక 3 దరిదాపుల్లో ఉందో లేదో చూసుకోవచ్చు. వెలుగు బాగానే కనిపిస్తున్నా ఏడాది దాటిన ట్యూబులో యూవీబీ తగ్గిపోతుంది, మార్చేయాలి. యూవీబీ చాలకపోతే ఒంట్లో విటమిన్ డీ3 తయారుకాదు, కాల్షియం ఎముకలకు పట్టదు. వంకర కాళ్ళు, మెత్తబడ్డ దవడ ఆ లోపం ఫలితాలే.

రెండోది వేడి బల్బు. డోములో (గిన్నెలాంటి లోహపు దీపం తొడుగులో) ఫిలమెంటు ఉండే 40 లేదా 60 వాట్ల తెల్ల బల్బు, డిమ్మర్‌తో. ఎల్ఈడీ బల్బు వేడినివ్వదు. పై కొమ్మ దగ్గర 80 నుంచి 85 ఫారెన్‌హీట్, అంటే 27 నుంచి 29 సెల్సియస్, అంతకు మించకూడదు. పెద్ద మగదానికి చెప్పే 90 డిగ్రీల లెక్క పిల్లకు వర్తించదు. అడుగున 72 దాకా తగ్గాలి. రాత్రి దీపాలన్నీ ఆర్పేయాలి, 60 నుంచి 68 ఫారెన్‌హీట్ చల్లదనం దానికి హాయి. ఎర్ర, నీలం రాత్రి బల్బులు అక్కర్లేదు. కరెంటుతో వేడెక్కే రాళ్ళు అసలే వద్దు. కొలవడానికి తీగ చివర ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ వాడి, ప్రోబ్‌ను ఆ కొమ్మకే కట్టండి. గోడకు అతికించే గుండ్రటి ముల్లు థర్మామీటరు చూపించేది గోడ వేడి మాత్రమే.

కాలిన గాయాలు ఎలా అవుతాయో తెలిస్తే బోను కట్టే తీరు మారుతుంది. వేడి చాలని పిల్ల బల్బుకు దగ్గరగా పైకెక్కి, జాలీకి తలకిందులుగా వేలాడుతుంది. అక్కడ వీపు, నెత్తి మీది కిరీటం కాలుతున్నా కదలదు. అందుకని డోమును జాలీ మీద నేరుగా పెట్టకండి, 3 అంగుళాల స్టాండు మీద నిలబెట్టండి. ఆపైన డోముకు చిన్న గొలుసు వేసి పై గోడ కొక్కేనికి తగిలించండి. క్లిప్పును నమ్మవద్దు. వేడి డోము కార్పెట్ మీద పడితే ఇల్లే అంటుకుంటుంది. నీళ్ళు చల్లే చోట కరెంటు తీగలు ఉంటాయి కాబట్టి, ప్రతి తీగా ప్లగ్ కంటే కిందికి ఒక వంపు తిరిగి మళ్ళీ పైకెళ్ళేలా కట్టండి. తీగ మీద జారిన నీరు వంపు దగ్గరే కారిపోతుంది, ప్లగ్‌లోకి పోదు. సాకెట్ జీఎఫ్‌సీఐ రకం (కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయేది) ఉండాలి. దీపాలకు టైమరు పెట్టి 12 గంటలు వెలిగించండి.

కొమ్మలు పెన్సిలంత లావు నుంచి మొదలుపెట్టి వేలంత లావు దాకా రకరకాలుగా ఉండాలి. పాదం చుట్టూ పట్టు దొరకాలి. ఎక్కువ భాగం అడ్డంగా, పైనుంచి కిందికి మెట్లలా, దారి ఎక్కడా తెగకుండా అమర్చండి. జాలీకి కట్టకుండా ఫ్రేముకు స్క్రూలు, కేబుల్ టైలతో బిగించండి. నాచులాంటి నారలు రాలే ప్లాస్టిక్ తీగలు, గుడ్డ ఆకులు వద్దు. వీల్డ్ జాతి ఆకులు కొరుకుతుంది, అవి మింగితే పేగులో అడ్డం పడతాయి.

అందుకే మొక్కలు నిజమైనవే పెట్టాలి. మనీ ప్లాంటు, షెఫ్లెరా, ఫైకస్ బెంజమినా, మందారం బాగా పనిచేస్తాయి. గన్నేరు, ఉమ్మెత్త దరిదాపుల్లో కూడా ఉండకూడదు. నర్సరీ మొక్కను ఆకు ఆకూ కడిగి, పాత మట్టి దులిపి, ఎరువు గుళికలు లేని మట్టిలోకి మార్చి, కొన్ని వారాలు విడిగా ఉంచాకే బోనులో పెట్టండి. మట్టి మీద పిల్ల తల కంటే పెద్దవైన నది గులకరాళ్ళు పరవండి. బోను అడుగున మాత్రం ఏమీ పరవకండి, ఖాళీగా ఉంటేనే శుభ్రం.

ఇది గిన్నెలో నీళ్ళు తాగదు. ఆకు మీద మెరిసే చుక్కనే చూస్తుంది. దీపాలు వెలగడానికి ముందు, ఆరిన తర్వాత రెండేసి నిమిషాలు సన్నటి తుంపర, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు రెండు సెకన్లకొక చుక్క చొప్పున డ్రిప్పర్. ఆర్వో నీళ్ళయితే నాజిల్ సున్నం పట్టదు. తేమ పగలు 30 నుంచి 50 శాతానికి దిగాలి, రాత్రి 75 పైకి ఎక్కాలి. రెండు తుంపరల మధ్య ఆకులు పూర్తిగా ఆరడం ముఖ్యం. వెచ్చగా, తడిగా, గాలాడకుండా ఉండే బోనులోనే ఊపిరితిత్తుల జబ్బు పుడుతుంది. రాత్రి గది 68 ఫారెన్‌హీట్ కంటే వెచ్చగా ఉంటే పొగమంచు యంత్రం వాడకండి. అడుగు ట్రేకు రంధ్రం చేసి గొట్టంతో బకెట్‌లోకి నీరు వదలండి. నిలిచిన నీటిలో పిల్ల మునిగిపోవచ్చు.

బోనుకు ఒక్క పిల్లే. తోబుట్టువులైనా కలిపి ఉంచితే బలమైనది వెలుగునూ తిండినీ ఆక్రమిస్తుంది, రెండోది కనపడకుండానే కృశిస్తుంది. మేతగా వేసే క్రికెట్ పురుగు (కీచురాయి) పిల్ల కళ్ళ మధ్య వెడల్పును మించకూడదు. డీ3 లేని కాల్షియం పొడి అద్ది, నునుపు గోడల లోతు కప్పులో వేయండి. మిగిలినవి సాయంత్రానికి తీసేయాలి, నిద్రపోయే పిల్లను అవి కొరుకుతాయి.

మొత్తం కట్టాక మూడు రోజులు ఖాళీగా నడపండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేడి, తేమ రాసుకోండి. అంకెలు కుదిరాకే పిల్లను తెచ్చి, మొదటి వారం చేత్తో పట్టకుండా కొమ్మ మీదికి తనంతట తను ఎక్కనివ్వండి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకు తిరిగితే నీరు చాలడం లేదు. పై కొమ్మ మీద నోరు తెరిచి కూర్చుంటే వేడి ఎక్కువ, డిమ్మర్ తగ్గించండి. వేడి సరిగ్గానే ఉన్నా నోరు తెరుచుకుని, నురగ కనిపిస్తే ఊపిరితిత్తుల జబ్బు. పగలు కళ్ళు మూసుకుంటే అది నిద్ర కాదు. ఈ చివరి రెండింటిలో ఏది కనిపించినా అదే రోజు సరీసృపాలను చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, అలాంటి డాక్టర్ నంబరు పిల్లను కొనేముందే కనుక్కుని పెట్టుకోండి.