గులాబీ పట్టీ లాలాగూడ ఇంజన్

డబ్ల్యూఏపీ-7 అంటే మన రైళ్లను లాగే ఒక రకం విద్యుత్ ఇంజన్. నేను కొన్న దాని చిన్న నమూనాలో మోటారు బాగుంది, దీపాలు బాగున్నాయి, చక్రాలు సాఫీగా తిరుగుతున్నాయి. రంగు మాత్రం, అసలు ఇంజన్లను నిలిపి బాగుచేసే లాలాగూడ షెడ్డులో ఏ పెయింటరూ వేసి ఉండడు. తెల్లని ఒంటికి ఎర్ర పట్టీ ఉండాల్సిన చోట, వెలిసిపోయిన పాత షామియానా గుడ్డలాంటి గులాబీ రంగు ఉంది.

అక్షరాల సంగతి ఇంకా తమాషా. షెడ్డు పేరు లాలాగూడ అని రాసి, జోన్ పేరు దగ్గర ఎస్.ఆర్., హిందీలో ద.రే. అని వేశారు. అంటే దక్షిణ రైల్వే. లాలాగూడ షెడ్డు ఉన్నది సికింద్రాబాద్‌లో. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పటి నుంచి ఆ జోన్ ముఖ్య కార్యాలయం అక్కడే. పక్క గోడ మీద జోన్ పేరు పూర్తిగా హిందీలో కూడా వేశారు గానీ, అది 'దక్షణి' అయింది. హిందీలో ఇకారపు గుర్తు అక్షరానికి ముందు రావాలి. ఆ లిపి తెలియని కంప్యూటర్ దాన్ని వెనక్కి నెట్టేసింది. ముద్రించేముందు చదవగలిగిన వాళ్లు ఒక్కరు చూసినా దొరికేది.

అమ్మినవారికి ఫోటోలతో సహా రాశాను. దూరం నుంచి చూస్తే తేడా తెలియదనీ, నమూనాను తెర మీద చూసే ఖరారు చేశామనీ జవాబు వచ్చింది. అక్కడే అర్థమైంది జరిగిందేమిటో. కంప్యూటర్ తెర మీద ఎరుపు ఎంత నిండుగా ఉన్నా, తెల్లటి ప్లాస్టిక్ మీద పలుచని పూత వేస్తే కింది తెలుపు పైకి కనిపించి గులాబీ అవుతుంది. ఎరుపుకు కప్పే గుణం తక్కువ. వాపసు తీసుకోమన్నారు, నేనే వద్దన్నాను. ఇంజన్ బాగుంది కదా, చొక్కా మారిస్తే సరిపోతుంది.

సరైన ఎరుపు ఏదో తేలాలంటే అసలు ఇంజన్‌ను చూడాలి. మాకు కాజీపేట దగ్గర. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు చాలాసార్లు లాలాగూడ ఇంజనే ఉంటుంది. పొద్దుటి ఎండలో ప్లాట్‌ఫారం చివర నిలబడి ఫోటోలు తీశాను. అయితే ఫోను కెమెరా తనకు తోచినట్టు రంగులు దిద్దుతుంది. ఫోటోలోని ఎరుపును నమ్మితే మళ్లీ మొదటికొస్తాం. అందుకని పెయింట్ల దుకాణంలో ఇచ్చే షేడ్ కార్డు చేత్తో పట్టుకుని, ఇంజన్‌తోపాటు అది కూడా ఫోటోలో పడేలా తీశాను. ఎండైనా నీడైనా రెండింటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి, ఏ గడి పట్టీకి దగ్గరగా ఉందో ఇంటికొచ్చి తీరిగ్గా చూసుకోవచ్చు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఒకే పొద్దున రెండు లాలాగూడ ఇంజన్లు కనిపించాయి, రెండింటి ఎరుపూ ఒకటి కాదు. ఒకటి ఓవర్‌హాలింగ్ ముగించుకుని వచ్చినట్టు మెరుస్తోంది. రెండోది ఎండకు వెలిసి, బ్రేకుల నుంచి లేచే ఇనుప ధూళితో నడుము కింద గోధుమ రంగుకు తిరిగింది. అందుకే 'డబ్ల్యూఏపీ-7 ఎరుపు' అని ఒకటి ఉండదు. ఫలానా నంబరు ఇంజన్, ఫలానా రోజు ఉన్న ఎరుపు అని మాత్రమే ఉంటుంది. గుర్తుల సంగతీ అంతే. బ్రిటిష్ రైల్వేస్ 1956లో కొత్త రాజచిహ్నం తెచ్చుకుంది. అందులో సింహం ఎడమవైపు చూడాలి. ఇంజన్ రెండు పక్కలా సింహం ముందుకే చూడాలన్న ఉత్సాహంతో ఒక పక్క దాన్ని కుడికి తిప్పి వేశారు. చిహ్నాల అధికారులు ఒప్పుకోకపోవడంతో తరువాత మానేశారు. కుడివైపు చూసే సింహమున్న నమూనాను తప్పని తేల్చేముందు అది ఏ ఏటి ఇంజనో అడగాలి. నేను మెరిసే ఇంజన్‌నే ఎంచుకున్నాను.

పాత రంగు తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాను. ముందు లోపలివైపు ఒక మూల రాసి, ప్లాస్టిక్ పాడవదని చూసుకున్నాకే మెత్తని పళ్ల బ్రష్‌తో రుద్దాను. తరువాత ప్రైమర్, ఆపైన ఒళ్లంతా తెలుపు. పట్టీ వెడల్పు కోసం ఫోటోలోని చక్రాన్నే కొలబద్దగా పెట్టుకున్నాను. కొత్త చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. నా నమూనా అసలులో 87వ వంతు కాబట్టి, 87తో భాగిస్తే సుమారు పన్నెండున్నర. అరిగే కొద్దీ అది 1016 దాకా తగ్గుతుంది కాబట్టి వెంట్రుకవాసి తేడాల జోలికి పోలేదు.

పట్టీ అంచు కత్తితో కోసినట్టు రావాలంటే ఒక కిటుకు ఉంది. మాస్కింగ్ టేపు అతికించాక నేరుగా ఎరుపు కొట్టకూడదు. టేపు అంచు వెంట ముందు మళ్లీ తెలుపే పలుచగా కొట్టాలి. టేపు కిందికి పాకేదేదైనా ఉంటే ఆ తెలుపే పాకి సందులు మూసేస్తుంది, తరువాత కొట్టిన ఎరుపుకు దారి దొరకదు. ఎరుపు కూడా ఒకేసారి కాకుండా, ఆరనిస్తూ పలుచని పూతలుగా వేశాను. షేడ్ కార్డు గడి పక్కన పెట్టి చూసేది పగటి వెలుతురులోనే. ఇంట్లో ఎల్ఈడీ దీపం కింద కలిసిన రంగులు బయట విడిపోతాయి.

అక్షరాలు నీళ్లలో నానబెట్టి అతికించే డెకాల్ కాగితం మీద ముద్రించుకున్నాను. ఇంట్లో ప్రింటర్ తెల్ల రంగు ముద్రించదు; పారదర్శకమైన పొర మీద రైల్వే గుండ్రని చిహ్నం వేసి ఎరుపు మీద అతికిస్తే, తెల్లగా ఉండాల్సిన చోటల్లా ఎరుపే కనిపిస్తుంది. కాబట్టి తెల్లని నేల మీదే అంటించాలి. ఎస్.సి.ఆర్., ద.మ.రే. చక్కగా కూర్చున్నాయి. హిందీలో జోన్ పూర్తి పేరు నా ఫోటోల్లోని ఇంజన్ మీద లేనే లేదు, తీసేశాను. చివర మెరుపు తగ్గించే వార్నిష్ ఒక పూత.

ఇంత చేశాక మరో మాట చెప్పాలి. ఈ 87వ వంతు కొలతను హెచ్ఓ అంటారు, ఆ నమూనాల పట్టాల మధ్య వెడల్పు పదహారున్నర మిల్లీమీటర్లు. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్‌ను 87తో భాగిస్తే పంతొమ్మిది దాటుతుంది. అంటే మా ఇంజన్లన్నీ ఇరుకు పట్టాల మీదే పరుగెడుతున్నాయి. దాని గురించి నమూనా రైళ్ల పిచ్చి ఉన్న మాలో ఎవరూ నోరెత్తరు, ఎరుపు గురించి మాత్రం రాత్రంతా వాదిస్తాం.

అమ్మినవారు నా ఫోటోలు అడిగి తీసుకున్నారు. తరువాతి విడతలో అక్షరాలు సరిగ్గా వచ్చాయి, రంగు మాత్రం అదే గులాబీ. ఆ విడతలో ఒకటి కొన్న మిత్రుడు తన ఇంజన్‌నూ నాకే అప్పగించాడు. ఏ నంబరు కావాలో, ఏ నాటి ఫోటో చూసి వేయాలో తేల్చుకుని రమ్మన్నాను. ఇంకా తేల్చలేదు.