450 తేడా, ఒక లాటరీ ప్రశ్న

నెలాఖరు. ఖాతాలు మూసే రోజు కాబట్టి పొద్దున్న కూర్చున్న కుర్చీలోంచి పదకొండున్నర దాకా లేవలేదు. బ్యాంకు స్టేట్‌మెంటుకీ మా పుస్తకాలకీ రెండు చోట్ల పొత్తు కుదరలేదు. ఒక ఖాతాలో 450 తేడా, ఇంకో ఖాతాలో 13. పెద్ద మొత్తాలేం కావు. సర్దుబాటు పద్దులో పడేసి ఊరుకున్నా అడిగేవాళ్ళు లేరు. కానీ పంటి సందున ఇరుక్కున్న పీచులాగ, తీసేదాకా నాలుక అక్కడికే పోతుంది.

450ని 9తో భాగించి చూశాను. సరిగ్గా 50 వచ్చింది. ఈ చిట్కా నా మొదటి ఉద్యోగంలో ఒక పెద్దాయన నేర్పారు. పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో శేషం లేకుండా పోతుంది. అందుకని ముందు అలాంటి ఎంట్రీ ఏదైనా ఉందేమో వెతకమనేవారు. వెతికితే దొరికింది. 4,830 ఉండాల్సిన చోట ఎవరో 4,380 కొట్టారు. ఆ "ఎవరో" నేనే. మూడో తారీఖున, బహుశా ఫోన్ మాట్లాడుతూ.

దొరికినప్పుడు "హమ్మయ్య" అని గట్టిగానే అన్నట్టున్నాను, పక్క సీటు కుర్రాడు ఉలిక్కిపడి చూశాడు. రెండున్నర గంటలు పోయాయి. జీతంలో ఒక్క పైసా పెరగదు. అయినా ఈ రోజు మొత్తంలో నేను నిజంగా ఆనందపడింది అప్పుడే.

లంచ్ టైములో ఆ కుర్రాడే మొదలుపెట్టాడు. "మేడమ్, జీవితాంతం సరిపోయే డబ్బు లాటరీలో తగిలిందనుకోండి. రేపు ఆఫీసుకొస్తారా?" అని. వాడికి జవాబు సిద్ధంగా ఉంది. రాజీనామా లేఖ కూడా రాయడట, ఐడీ కార్డు సెక్యూరిటీ చేతిలో పెట్టి అటునుంచి అటే వెళ్ళిపోతాడట. మా సీనియర్‌కి ఇంకో రెండేళ్ళ సర్వీసు ఉంది. "వస్తానయ్యా, ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను" అన్నారు. మేనేజర్ గారు మాత్రం చాలా సీరియస్‌గా, "పన్ను పోను చేతికెంతొస్తుంది?" అని అడిగారు. అకౌంట్స్ వాళ్ళం మరి.

మా ఫ్లోర్ శుభ్రం చేసే ఆవిడ అప్పుడే పక్క బల్ల తుడుస్తోంది. ఎవరూ అడక్కుండానే, "పని మానేస్తానో లేదో తెలీదు గానీ, మీరు తిన్న బల్లలు మాత్రం తుడవను సార్" అంది. అందరం నవ్వాం. తను కూడా నవ్వింది. కానీ ఆ తర్వాత అందరం మా డబ్బాలు మేమే తీసి, బల్ల మేమే తుడిచి లేచాం. రోజూ అలా చెయ్యం.

మధ్యాహ్నమంతా 13 తేడా దొరకలేదు. 9తో పోదు అది. దాన్ని చూస్తూనే ఇంకోవైపు లాటరీ ప్రశ్న నమిలాను.

ఈ ప్రశ్న మా కుర్రాడు కనిపెట్టింది కాదు. 1955లో అమెరికాలో మోర్స్, వైస్ అనే ఇద్దరు పరిశోధకులు ఉద్యోగాలు చేసుకుంటున్న 401 మంది మగవాళ్ళ జవాబులు ప్రచురించారు. పని చెయ్యక్కర్లేనంత ఆస్తి కలిసొస్తే ఏం చేస్తారని అడిగితే, నూటికి 80 మంది పని మానం అన్నారు. పైకి చూస్తే మనిషి కష్టజీవి అనిపించే లెక్క. లోపలికి పోతే వేరే సంగతి కనిపిస్తుంది. చదువుకున్న కొలువుల్లో ఉన్నవాళ్ళు ఆ పనే చేస్తామన్నారు. ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళలో చాలామంది పని కావాలన్నారు గానీ, ఈ పని వద్దన్నారు. మా బల్లలు తుడిచే అక్క ఒక్క ముక్కలో చెప్పింది అదే.

చెప్పడం వేరు, చేయడం వేరు. నిజంగా లాటరీ తగిలినవాళ్ళ లెక్కలు కూడా ఉన్నాయి. గిడో ఇంబెన్స్ అనే ఆర్థికవేత్త, ఇంకో ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గెలిచినవాళ్ళ మీద 2001లో వేసిన పత్రం ప్రకారం, ఏడాదికి వచ్చే ప్రతి 100 డాలర్ల లాటరీ సొమ్ముకీ వాళ్ళ సొంత సంపాదన తగ్గింది 11 డాలర్లే. అంటే చాలామంది పని పూర్తిగా మానలేదు, కాస్త తగ్గించుకున్నారు. ఇది నాకు నచ్చింది. ఐడీ కార్డు సెక్యూరిటీ చేతిలో పెట్టి పోయే సీను సినిమాకి బాగుంటుంది. నిజంలో మనిషి ఓవర్‌టైమ్‌కి "నా వల్ల కాదండీ" అని చెప్పి పెందలాడే ఇంటికి పోతాడు, అంతే.

నా సంగతి నాకు కొంచెం తెలుసు. నాలుగేళ్ళ క్రితం ఒక ఉద్యోగం వదిలి ఇంకోటి చేరే మధ్యలో రెండు నెలలు ఖాళీ దొరికింది. చేతిలో డబ్బుంది, చేరే తేదీ ఖాయమైంది, టెన్షన్ లేదు. మొదటి వారం పడుకున్నాను. మామూలు నిద్ర కాదు, ఏళ్ళ బాకీ తీర్చుకున్నట్టు. రెండో వారం అల్మారాలు సర్దాను. ఆ తర్వాత ఏ రోజు ఏ వారమో తెలిసేది కాదు. చదువుదామని పేర్చుకున్న పుస్తకాలు పదకొండు, పూర్తి చేసింది ఒక్కటి. అదే ఉద్యోగం చేస్తూ, బస్సులో నిలబడి నెలకి రెండు చదివేదాన్ని. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది, ఇంత బద్ధకమా అని.

తర్వాతెప్పుడో మారియంతాల్ గురించి చదివాక కాస్త ఊరట. ఆస్ట్రియాలో వియన్నాకి దగ్గర్లో ఉన్న ఊరు. ఊరంతటికీ దిక్కు ఒకే బట్టల మిల్లు, 1930 వచ్చేసరికి అది మూతబడింది. మేరీ యహోడా, ఆమె సహచరులు అక్కడికెళ్ళి జనం రోజు ఎలా గడుస్తోందో గమనించారు. చేతినిండా తీరిక, కానీ లైబ్రరీ నుంచి తీసుకెళ్ళే పుస్తకాలు రెండేళ్ళలో దాదాపు సగానికి పడిపోయాయి. మగవాళ్ళు వీధిలో అడుగడుక్కీ ఆగుతూ నడిచేవారు. చాలామంది గడియారం దగ్గర పెట్టుకోవడమే మానేశారు. పొద్దున్నించీ ఏం చేశావంటే చెప్పలేకపోయేవారు.

నా రెండు నెలలకీ దానికీ పోలిక పెట్టుకోవడం తప్పేనేమో. వాళ్ళకి పోయింది పని ఒక్కటే కాదు, కూడు కూడా. డబ్బు చింత లేనివాళ్ళ గురించి ఆ ఊరు ఏమీ రుజువు చెయ్యదు. కానీ అందులో ఒక విషయం నన్ను వదల్లేదు. ఆడవాళ్ళు అలా ఆగి ఆగి నడవలేదు. వాళ్ళూ మిల్లులో పనిచేసినవాళ్ళే. కానీ ఇల్లు, పిల్లలు, ఉతుకుడు, అతుకుడు అలాగే ఉన్నాయి. వాళ్ళకి జీతం పోయింది గానీ పని పోలేదు. మరి "డబ్బు అక్కర్లేకపోతే పని చేస్తారా" అన్న ప్రశ్న ఎవరిని అడుగుతున్నాం మనం? సగం మంది ఎప్పటినుంచో డబ్బు లేకుండానే చేస్తున్నారు కదా.

కెనడాలో డాఫిన్ అనే చిన్న పట్నంలో 1974 నుంచి కొన్నేళ్ళు, ఆదాయం ఒక గీత కింద ఉన్న కుటుంబాలకి ప్రభుత్వం కొంత డబ్బు ఇచ్చి చూసింది. జనం సోమరులైపోతారేమోనన్నదే అందరి భయం. పెద్దగా తేడా రాలేదు. పని బాగా తగ్గించుకున్నది ముఖ్యంగా పసిపిల్లల తల్లులు, టీనేజీ పిల్లలు. తల్లులు బిడ్డల దగ్గరున్నారు, పిల్లలు ఇంకొన్నాళ్ళు బడికెళ్ళారు. జీతాల పట్టీ ఒక్కటే చూసేవాడు దీన్ని "పని మానడం" అని రాసుకుంటాడు. ఎంట్రీ ఏ పద్దు కింద రాయాలో తెలియకపోతే వచ్చే పొరపాటే ఇది కూడా.

అవతలి కొసన డార్విన్. తండ్రి ఆస్తి పుష్కలం, జీవితంలో జీతానికి పనిచేయాల్సిన అగత్యం లేదు. అలాంటివాడు 1846 నుంచి ఎనిమిదేళ్ళు బార్నకిల్స్ మీద కూర్చున్నాడు. ఓడల అడుగున, రాళ్ళకి అతుక్కుని బతికే అల్పజీవులవి. మధ్యలో వాటిమీద విపరీతమైన రోత పుట్టిందని ఒక స్నేహితుడికి ఉత్తరం కూడా రాశాడు. అయినా వదల్లేదు. ఇష్టమైన పని అంటే అన్నివేళలా ఇష్టంగా ఉండేదని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళెప్పుడూ ఏ పనీ చివరిదాకా చేసి ఉండరు. అయితే ఆ ఎనిమిదేళ్ళూ డార్విన్ ఇల్లు ఊడ్చింది, వంట చేసింది డార్విన్ కాదు. నౌకర్లున్నారు. వాళ్ళకీ డబ్బు చింత లేకపోయుంటే ఎందరు ఉండేవారో?

అందుకే నాకు ఆ ప్రశ్నే వంకరగా వేశారనిపిస్తుంది. జీతం నాచేత అసలు పని చేయించడం లేదు. 450 కోసం రెండున్నర గంటలు కూర్చోబెట్టింది జీతం కాదు. జీతం చేయించేది మిగతావి. సోమవారం మీటింగు, ఎవరూ చదవని నెలవారీ రిపోర్టు, రాత్రి తొమ్మిదింటికి వచ్చిన మెసేజ్‌కి "ష్యూర్ సార్" అని జవాబు. లాటరీ తగిలితే నాకొచ్చేది "కుదరదు" అనే మాట. అది కొందరికి ఇప్పటికే కొంచెం ఉంది, కొందరికి అసలు లేదు. 1930లో కీన్స్ అనే ఆర్థికవేత్త, వందేళ్ళు గడిస్తే మనుషులు వారానికి 15 గంటలే పనిచేస్తారని అంచనా వేశాడు. 2030 వచ్చేస్తోంది, నా రిపోర్టు మాత్రం నెలనెలా పెరుగుతోంది.

సాయంత్రం ఆరున్నరకి బయల్దేరుతుంటే ఆ అక్క లిఫ్టు దగ్గర కనిపించింది. బకెట్, తుడుపుకర్ర మూల పెట్టి చేతులు తుడుచుకుంటోంది. మధ్యాహ్నం నవ్వేసి ఊరుకున్నాం, అసలు మాట అడగనే లేదు కదా అనిపించింది.

"అక్కా, ఈ బల్లలు తుడవనన్నారు కదా. మరేం చేస్తారు?"

"ముందు నిద్రపోతా మేడమ్."

"ఆ తర్వాత?"

నన్నొకసారి ఎగాదిగా చూసింది. "నిద్ర తీరాక అడగండి. ఇప్పుడెలా చెప్తాను?" అంది. ఇక్కడికి రాకముందు తెల్లవారుజామున ఇంకో ఆఫీసులో చేస్తుందట. నాకు ఇవాళే తెలిసింది. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి.

నాకు ఆ రెండు నెలల్లో మొదటి వారం గుర్తొచ్చింది. అప్పుడు ఎవరైనా నన్ను అడిగినా ఇదే జవాబు చెప్పేదాన్ని. లిఫ్టు వచ్చింది. ఇద్దరం కిందికి దిగాం. తనది ఒక బస్సు, నాది ఇంకోటి.

ఇప్పుడు పదకొండు దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచి ఇది రాస్తున్నాను, రేపటికి మర్చిపోతానని. 13 ఒక్క తేడా కాదేమో, రెండు కలిసి ఉంటాయి. ఒకవైపు 18 ఎక్కువ, ఇంకోవైపు 5 తక్కువ. 18 అయితే 9తో పోతుంది, అంకెలు తారుమారైన ఎంట్రీ ఒకటి ఉండాలి. 5 బ్యాంకు వాళ్ళ చార్జీ కావచ్చు. పొద్దున్నే చూడాలి.